గాయపడని ఏకైక వ్యక్తి

ఆ ఉదయం ఆకాశం ఎటూ తేల్చలేదు. సముద్రం వైపు నుంచి వచ్చిన మబ్బు కొండ మీద కూర్చుంది. రెండు చినుకులు రాల్చి మళ్ళీ ఆలోచనలో పడింది. చేలో కోసిన వరి పనలు పరిచి ఉన్నాయి. అలాంటి పూట రైతనేవాడు ఊరు దాటడు. నేను దాటాను. మా అన్న కూతురు హైమావతి చేతిసంచీ పట్టుకుని అప్పటికే గుమ్మంలో నిలబడింది.

హైమ మా ఇంటికి వచ్చి ఆ రోజుకి ఇరవై రెండు రోజులు. ఏడు కిలోమీటర్లు నడిచి మిట్టమధ్యాహ్నం వచ్చింది. ఎడమ చెయ్యి వాచి ఉంది. తల్లీ తండ్రీ లేని పిల్ల, వస్తే మా ఇంటికే రావాలి. అడిగితే బాధపడుతుందని నేను ఏమీ అడగలేదు. నా భార్య పారమ్మ చేతికి పట్టు వేసింది గాని తనూ అడగలేదు. ఇరవై రెండు రోజులూ హైమ గోడవైపు తిరిగి అన్నం తింది.

చెప్పింది ఒక్కటే మాట. "పాపని తెచ్చియ్ సిన్నాన్నా."

పాప అయిదేళ్ళ లిఖిత. తండ్రి దగ్గరే ఉండిపోయింది. తండ్రి ఢిల్లేశ్వరరావు వరికోత మిషను నడుపుతాడు. నేను వెళ్ళి అడిగితే గుమ్మంలోనే నిలబెట్టి, "పిల్ల కావాలంటే తల్లినే రమ్మను. వొచ్చి బుద్దిగా ఉంటే ఇద్దరూ ఉంటారు" అన్నాడు. పోలీసుల దగ్గరికి వెళితే పాప పేరు, తండ్రి పేరు ఒక కాగితం మీద రాసుకున్నారు. ఆ కాగితం ఎటో వెళ్ళిపోయింది. కోర్టులో పిటిషన్ వేస్తే పాపని ఇప్పిస్తారనీ, పిటిషన్ రాసిపెట్టడానికి పట్నంలో ఒక కేంద్రం ఉందనీ మా ఊరి ఆశా కార్యకర్త చెప్పింది. అందుకని బస్సెక్కాం.

కేంద్రం గేటు మీద 'న్యాయ సహాయ కేంద్రం' అని పాత బోర్డు ఉంది. దాని ముందు 'సున్నిత' అని కొత్త చెక్క ముక్క ఒకటి మేకులతో కొట్టి ఉంది. ఆ మేకుల్లో ఒకటి వంకరపోయింది.

సమన్వయాధికారి పట్నాయక్ గారు వరండాలోకి ఎదురొచ్చారు. విశాఖలో ఒక పెద్ద హోటల్లో మూడు రోజులు శిక్షణ పొంది వచ్చిన మనిషి. మెడలో ఆకుపచ్చ తాడు, తాడుకి ఫొటో, చేతిలో నీలం అట్ట పుస్తకం.

"అమ్మా, మీరు ఇక్కడ క్షేమంగా ఉన్నారు. మిమ్మల్ని మేము నమ్ముతున్నాం" అన్నారు.

హైమ నావైపు చూసింది. "నానింకా ఏటీ సెప్పనేదు బావు."

"చెప్పకముందే నమ్ముతాం. అదే మా విధానం."

ఆ విధానం ఏమిటో మమ్మల్ని నిలబెట్టి వివరించారు. దెబ్బలు తిన్న ఆడవాళ్ళని లాయర్లు గుచ్చి గుచ్చి అడుగుతారట. అడిగిన ప్రతిసారీ ఆ దెబ్బ మళ్ళీ తగిలినట్టే అవుతుందట. ఆ మాట వింటే నాకు సబబుగానే అనిపించింది. శిక్షణ మొదటి రోజు అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. కానీ మూడు రోజులకీ హోటల్ మాట్లాడుకున్నారు. దాంతో, ఎలా అడగాలన్న దగ్గర మొదలై, ఎంత తక్కువ అడగాలన్న దాకా వెళ్ళి, మూడో రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక అసలు అడగకూడదన్న దగ్గర తేలారు. నీలం పుస్తకంలో మొదటి నియమం అదే. 'గాయాన్ని గుర్తుకు తెచ్చే ప్రశ్న ఏదీ బాధితురాలిని అడగరాదు.'

"మరి కేసు ఎలగ రాస్తారు బావు?" అన్నాను. ఆ రోజు నేను మాట్లాడిన మొదటి మాట.

"చాలా సున్నితంగా రాస్తాం" అన్నారు పట్నాయక్ గారు.

లోపలి గదిలో బల్ల లేదు. లాయరుకీ బాధితురాలికీ మధ్య బల్ల ఉంటే అది అధికారమట, అందుకని తీయించేశారు. రాసుకోవడానికి చోటు లేక ఫైలు లాయరు మోకాలి మీంచి జారి పడుతూ ఉంటుంది. తలుపు ఉంది గాని వేయకూడదు. మూసిన తలుపు చూస్తే కొందరికి భయం. గోడకి లేత నీలం రంగు. మూలన ఒక గిన్నెలో ఏదో సువాసన పొగ వేస్తున్నారు, ప్రశాంతత కోసం. తలుపు వేయరు కాబట్టి వరండాలో బెంచీ మీద కూర్చున్న నాకు అన్నీ కనిపించేవి, వినిపించేవి.

లాయరు పేరు మాధురీలత. పాతికేళ్ళు దాటి ఉండవు. మొహం చూస్తే మంచి పిల్లలాగే ఉంది. నియమం ప్రకారం లాయరు కళ్ళు బాధితురాలి కళ్ళ కంటే కిందుగా ఉండాలి. అందుకని హైమకి ఎత్తు కుర్చీ వేసి తను పొట్టి మోడా మీద కూర్చుంది.

ఇక్కడ వాళ్ళ పుస్తకం రాసినవాళ్ళకి మా వైపు సంగతి తెలీదు. మా ఆడపిల్ల చదువుకున్నమ్మ కింద కూర్చుంటే తను కుర్చీ మీద కూర్చోదు. హైమ లేచి చాప మీదికి దిగింది. నియమం తప్పిందని మాధురీలత కూడా మోడా దిగి చాప మీద కూర్చుంది. ఆవిడ తన పక్కన కూర్చోవడమేమిటని హైమ చాప దిగి నేల మీదికి జరిగింది. లాయరు కూడా నేల మీదికి జరిగి, నడుం వంచి, తల కిందికి పెట్టింది. హైమ ఇంకా వంగింది. చివరికి లాయరు ఒక దిండు మీద మోచెయ్యి ఆన్చి పక్కకి ఒరిగింది. హైమ భయపడి లేచి నిలబడిపోయింది.

"కూర్చోండమ్మా."

"మీరు కూకోండమ్మా. మీరలగ తొంగుంటే నానెలగ కూకుంటాను."

పావుగంట అలా గడిచింది. ఆఖరుకి ఇద్దరూ నిలబడ్డారు. హైమ ఒక అంగుళం పొడుగు కాబట్టి నియమం దానంతటదే నిలబడింది.

"మీరు ఏమీ చెప్పనవసరం లేదు" అంది మాధురీలత.

"సెప్తానమ్మ. సెప్పడానికే కదా వొచ్చినాను."

"చెప్పాలన్న ఒత్తిడి మీ మీద లేదు."

"ఒత్తిడేటీ నేదమ్మ. పాప కావాలి. ఆ రోజు ఏటయ్యిందంటే..."

పట్నాయక్ గారు జేబులోంచి ఎర్ర కార్డు తీసి పైకెత్తారు. బాధితురాలి కళ్ళలో తడి కనపడితే ఆ కార్డు ఎత్తాలి. ఎత్తితే ఆ రోజుకి పని ఆగిపోవాలి, పద్నాలుగు రోజులు విరామం.

"ఇది ఏడుపు కాదు బావు, ఆ పొగ" అంది హైమ కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ.

"కారణం మేము అడగం" అన్నారు పట్నాయక్ గారు. అది రెండో నియమం.

తర్వాత ఫైలు చూపించారు. 'భర్త' అన్న మాట గుచ్చుకునే మాట కాబట్టి ఆ మాట ఉన్నచోటల్లా 'రెండవ వ్యక్తి' అని అచ్చు వేశారు. 'కొట్టుట' బదులు 'అసౌకర్యం'. అలా ఏడాదిగా నలభై పిటిషన్లు కోర్టుకి పంపారట. 'రెండవ వ్యక్తితో అసౌకర్యం సంభవించినది, తగిన ఉత్తర్వులు కోరడమైనది.' నలభైకి నలభై తిరిగొచ్చాయి. కోర్టువారికి ఇంకా శిక్షణ అందలేదని పట్నాయక్ గారు బాధపడ్డారు.

బస్సుకి ఇంకా టైముంది. కేంద్రం వెనక కుళాయి దగ్గర హైమ మొహం కడుక్కుంటోంది. అక్కడ అసిరమ్మ గిన్నెలు తోముతోంది. కేంద్రంలో ఊడ్చి తుడిచే మనిషి, అరవై ఏళ్ళుంటాయి. పదో తరగతి పాసైనవాళ్ళకే శిక్షణ ఇచ్చారు గనక ఆవిడకి నియమాలు తెలీవు.

"ఏటమ్మా, సెయ్యలగుంది? ఎవుడు సేసినాడు?" అంది.

"మా ఆయన."

"దేంతో?"

"తలుపుతో."

అసిరమ్మ గిన్నె కింద పెట్టి, తడి చేతులు చీరకి తుడుచుకుని, గట్టు మీద కాస్త పక్కకి జరిగింది. హైమ కూర్చుంది. ఎవరి కళ్ళు ఎంత ఎత్తులో ఉన్నాయో ఎవరూ చూసుకోలేదు. పది నిమిషాల్లో మొత్తం చెప్పేసింది.

పాపకి బడి బూట్లు కొందట, తనని అడక్కుండా కొన్నావని మొదలైందట. గెంటుతుంటే తలుపు అంచు పట్టుకుందట. అతను తలుపు వేశాడట, చెయ్యి మధ్యలో ఉండగానే. రెండోసారి కూడా వేశాడట. వాకిట్లో ఎండ. పాప కిటికీ ఊచల్లోంచి తల్లి చెప్పులు ఒకటొకటే బయటికి తోసిందట. "కాళ్ళు కాల్తాయమ్మా" అందట.

నేను కుళాయికి నాలుగడుగుల దూరంలో నిలబడి విన్నాను. ఇరవై రెండు రోజులు ఒకే ఇంట్లో ఉండి నేను వినని మాటలు అవి. ఆ చెప్పులు మా గుమ్మం పక్కనే ఉండేవి. అరిగిపోయాయి, కొత్తవి కొంటానని రెండుసార్లు అన్నాను. వద్దంది. ఎందుకు వద్దందో నేను అడగలేదు.

అసిరమ్మ అంతా విని, "మరి ఆ గుంటని, నీ పాపని తెచ్చుకోవాల" అంది. తర్వాత గిన్నెలు తోముకుంది.

కిటికీలోంచి మాధురీలత మమ్మల్ని చూస్తోంది. చేతిలో కలం ఉంది. దూరం కాబట్టి ఆవిడకి ఏమీ వినిపించి ఉండదు.

పద్నాలుగు రోజుల తర్వాత మళ్ళీ వెళ్ళాం. అప్పటికి పనలు మోసి కుప్ప వేశాం. పట్నాయక్ గారు మార్గం కనిపెట్టి ఉంచారు. బాధితురాలు తను మాట్లాడకుండా 'ప్రతినిధి గొంతు'ని పెట్టుకోవచ్చు.

"మీ వాళ్ళలో నిదానంగా మాట్లాడగలిగిన వారెవరు?"

"మా సిన్నాన్న" అంది హైమ. "నిదానమేటి బావు, మాటే ఆడడు."

అలా నేను గొంతునయ్యాను. ఒక ఫారం మీద వేలిముద్ర వేయమన్నారు. సంతకం పెడతానంటే ఆశ్చర్యపోయి కలం ఇచ్చారు. లాయరమ్మని ముందుగా బయటికి పంపేశారు. కేసులో గాయపడకుండా ఒక లాయరైనా మిగలాలి కదా అని. టైపు చేసే కూర్మారావు మోకాళ్ళ మీద మిషను పెట్టుకున్నాడు.

"ఆడు తలుపేసినాడు. మా హైమ సెయ్యి మద్దిలో ఉండగా" అన్నాను. ఇంకా రెండు వాక్యాలు ఉన్నాయి. గొంతు ఆరిపోయి ఒక్కసారి ఆగాను.

ఎర్ర కార్డు లేచింది.

"తవిటినాయుడు గారూ, మీకు తెలియకుండానే మీకు గాయమైంది" అన్నారు పట్నాయక్ గారు. "బాధితురాలి బాధ విన్నవారు రెండో అంచె బాధితులు. పుస్తకంలో స్పష్టంగా ఉంది. మిమ్మల్ని ఇక ఏమీ అడగడానికి లేదు."

"నీళ్ళిస్తే సెప్తాను బావు."

"నీళ్ళు ఇస్తాం. అడగం."

నేను చెప్పిన రెండు వాక్యాలూ టైపు చేసిన కూర్మారావు లేచి నిలబడి, అయ్యా, నాకు కూడా లోపల ఎలాగో ఉందన్నాడు. మూడో అంచె బాధితుడికి పది రోజుల సెలవు. ఆ పది రోజుల్లోనే అతని బావమరిది పెళ్ళి ఉందని అసిరమ్మ తర్వాత చెప్పింది. అతని సెలవు కాగితంలో కారణం చదివి సంతకం పెట్టాలి కాబట్టి పట్నాయక్ గారు నాలుగో అంచెలోకి వచ్చారు. ఆయన తనకు తానే ఎర్ర కార్డు ఎత్తుకున్నారు. నిజాయితీ గల మనిషి.

మూడోసారి వెళ్ళేసరికి నూర్పులు అయిపోయాయి, వరి మళ్ళల్లో మినుము మొలిచింది. ఢిల్లేశు పాపని బడి మాన్పించాడని కబురొచ్చింది. పొద్దున్నే మిషను మీద తనతో తీసుకుపోతున్నాడట. ఆ మాట విన్నాక హైమ గోడవైపు తిరిగి కూడా తినడం మానేసింది.

ఆ రోజు కేంద్రంలో పెద్ద సమావేశం. పైనుంచి ఇద్దరు అధికారులు వచ్చారు. ఫైలు ఖాళీగా ఉందన్నది వాళ్ళ చింత. తలుపు తెరిచే ఉంది, మేం బెంచీ మీద ఉన్నాం.

"వాస్తవాలు లేకుండా పిటిషన్ వేయలేం" అన్నారు ఒక అధికారి.

"వాస్తవాలు తెలిసినవారందరూ గాయపడి ఉన్నారు" అన్నారు పట్నాయక్ గారు. "గాయపడినవారిని అడగరాదు. కనుక ఈ కేసులో వాస్తవాలు పూర్తిగా తెలిసి ఉండి, ఏ అంచెలోనూ గాయపడని వ్యక్తిని గుర్తించాలి."

అందరూ పుస్తకం తిరగేశారు. హైమ, కాదు. నేను, కాదు. కూర్మారావు పెళ్ళి నుంచి ఇంకా రాలేదు. పాప సంగతి ఎవరో ఎత్తారు గాని, చిన్నపిల్లల పుస్తకం వేరే, అది ఇంకా అచ్చులో ఉందన్నారు.

"అయితే ఒక్కరే మిగులుతున్నారు" అన్నారు రెండో అధికారి. "రెండవ వ్యక్తి."

మొదటి అధికారి పేజీ వెనక్కి తిప్పి సరిచూశారు. తర్వాత పట్నాయక్ గారి మొహం వికసించింది. "ఆయనకి గాయమైన దాఖలా ఎక్కడా లేదు. ఆయనను ఎన్ని ప్రశ్నలైనా అడగవచ్చు. ఏ పదమైనా వాడవచ్చు."

"ఓలమ్మా" అంది హైమ మెల్లిగా.

ఢిల్లేశుకి ఉత్తరం వెళ్ళింది. 'మీ అమూల్యమైన సమయాన్ని కేటాయించి, మీకు అనుకూలమైన రోజున' అని రాశారు. మమ్మల్ని ఆ రోజు రావద్దన్నారు. నేను ఒక్కణ్ణే వెళ్ళి, వెనక వరండాలో కిటికీ పక్కన అసిరమ్మ దగ్గర కూర్చున్నాను. పిల్లని ఇవ్వని మనిషి దగ్గర వీళ్ళు ఏం రాయించుకుంటారో చూడాలి కదా.

ఢిల్లేశు ఇస్త్రీ చొక్కాలో వచ్చాడు. ఎత్తు కుర్చీ చూపిస్తే ఎత్తు కుర్చీలో కూర్చున్నాడు. లాయరు మోడా మీద కిందుగా కూర్చుంటే అతనికి ఏ ఇబ్బందీ కలగలేదు. ఆ నియమం ఏడాదిలో మొదటిసారి సరిగ్గా అమలైంది. టీ ఇచ్చారు. పుస్తకం ప్రకారం ప్రతి జవాబు తర్వాతా ఒక మాట అనాలి, ఆ మాట మాధురీలత అంటూనే ఉంది.

"మీ మీద ఏ ఒత్తిడీ లేదు. మేం తీర్పు చెప్పం. ఏం జరిగింది?"

"ఏటి జరగడానికి. ఇంట్లో ఆడది సెప్పినట్టు ఇనకపోతే రెండు తగిలిస్తాం. అంతే కదా."

"మేం మిమ్మల్ని నమ్ముతున్నాం. దేంతో?"

"సేత్తో. ఓపాలి బెల్టుతో. ఇంకోపాలి తలుపుతో."

"మేం మిమ్మల్ని నమ్ముతున్నాం. ఎన్నిసార్లు?"

ఢిల్లేశు టీ తాగుతూ ఆలోచించాడు. ఎదురుచెప్పేవాళ్ళు లేరు, గుచ్చేవాళ్ళు లేరు. పెళ్ళయిన తర్వాత అతని మాట ఇంత శ్రద్ధగా విన్నవాళ్ళు లేరు కాబోలు. "గట్టిగా అంటే నాలుగు మాట్లు. సిల్లరవి లెక్కేటి."

ఏడాదిగా ఒక్క ప్రశ్నా అడగడానికి వీల్లేకపోయిన పిల్ల మాధురీలత. ఆ రోజు ఆవిడ ఆగలేదు. ఏ తేదీ, ఏ పూట, ఎవరు చూశారు, తలుపు ఏ చెక్కది, ఎన్నిసార్లు వేశారు, అప్పుడు పాప ఎక్కడుంది, అన్నీ అడిగింది. కలం కాగితంలో దిగేలా నొక్కి రాసింది గాని గొంతు మాత్రం పుస్తకంలో చెప్పినంత మెత్తగానే ఉంచింది.

"సెయ్యి అడ్డమెట్టింది. నానాపలేదు. ఎందుకాపాల, తలుపు నాది" అన్నాడు ఢిల్లేశు.

"మేం మిమ్మల్ని నమ్ముతున్నాం. పాపని ఎందుకు ఉంచుకున్నారు?"

"పిల్లుంటే తల్లి అదే వొస్తాది. నాకా పిల్లతో పనేటి. రోజూ మిషను మీద ఏడుస్తాది."

నేల తుడుస్తున్న అసిరమ్మ ఒకే చోట చాలాసేపు తుడిచింది.

మాటలన్నీ అతని మాటల్లోనే రాసి, అతనికి చదివి వినిపించారు. బాగా రాసినారన్నాడు. ప్రతి పేజీ కిందా సంతకం పెట్టాడు. 'అసౌకర్యం' అన్న పదం ఎక్కడా లేదు. గాయపడని మనిషి మాటలకి ఆ పదాల మార్పు వర్తించదు.

ఆ కాగితాలు జతచేసి హైమ పేరు మీద పిటిషన్ వేశారు. కోర్టు రోజున మినుము పూత మీద ఉంది. పాపని కూడా తీసుకురమ్మని నోటీసు వెళ్ళింది కాబట్టి ఢిల్లేశు తెచ్చాడు. జుట్టు చిక్కుపడి ఉంది. తల్లిని చూసి పరిగెత్తబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు.

మేజిస్ట్రేటు గారు పెద్దాయన. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుని, పిటిషన్ మొదటినుంచి చివరిదాకా చదివారు. తర్వాత మొదటి పేజీకి వచ్చి మళ్ళీ చదివారు.

"ఈ కేంద్రం నుంచి ఏడాదిగా పిటిషన్లు వస్తున్నాయి. ఎవరు ఎవర్ని ఏం చేశారో నాకు అర్థమైన మొదటి పిటిషన్ ఇదే" అన్నారు. "ఈ వాస్తవాలు చెప్పిందెవరు?"

మాధురీలత లేచింది. "ప్రతివాది గారండి."

"బాధితురాలి తరపు పిటిషన్‌లో?"

"గాయపడని ఏకైక వ్యక్తి ఆయనేనండి. మా నియమావళి ప్రకారం."

మేజిస్ట్రేటు గారు కాసేపు ఫ్యాను వైపు చూశారు. తర్వాత ఢిల్లేశుని ముందుకి పిలిచారు.

"ఇవి నువ్వు చెప్పిన మాటలేనా?"

"నావేనండి."

"ఎవరైనా బెదిరించి చెప్పించారా?"

"నేదండి. టీ ఇచ్చినారు."

"ఇందులో అబద్ధం ఏమైనా ఉందా?"

ఢిల్లేశుకి కోపం వచ్చింది. "అబద్దం సెప్పీ కర్మ నాకేటండి. ఆల్లు నమ్ముతున్నామని ముప్పై మాట్లు సెప్పినారు."

ఆ పూట కుదుర్చుకున్న అతని లాయరు లేచి, ఏదో అనబోయి, కాగితం కింద సంతకం చూసి, మళ్ళీ కూర్చున్నాడు.

మేజిస్ట్రేటు గారు హైమ వైపు తిరిగారు. "అమ్మా, నువ్వేమైనా చెప్పాలా?"

వెనక బెంచీలో పట్నాయక్ గారు లేచారు. ఎర్ర కార్డు ఎత్తారు. "ఏలినవారు మన్నించాలి. ఆమెను అడగడం..."

"మీరు కూర్చోండి."

ఆయన కూర్చున్నారు గాని కార్డు దించలేదు. హైమ ముందుకి వెళ్ళి నిలబడింది. అంతమందిలో ఆ పిల్ల నోట ఏం వస్తుందో నాకు తెలీలేదు. ఎవరైనా ఏమైనా అడుగుతారని అన్ని నెలలూ కాసుకుని ఉన్నది, గట్టిగా ఒక్కటే చెప్పింది.

"అందల ఒకటి తప్పుందండి. నాలుగు మాట్లు అని రాసినారు. పదకొండు."

గుమాస్తా కలం ఆగింది. మేజిస్ట్రేటు గారు, "రాసుకో" అన్నారు. నాలుగు కొట్టేసి పదకొండు వేశారు.

పాపని అప్పటికప్పుడే తల్లికి ఇచ్చేయాలనీ, హైమ ఉన్న ఇంటి ఛాయలకి అతను రాకూడదనీ, మిగతా విచారణ తర్వాతనీ ఉత్తర్వు చదివారు. ఢిల్లేశు చెయ్యి వదలడానికి కాస్త టైము తీసుకున్నాడు. కోర్టు బంట్రోతు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాక వదిలాడు. "అడిగితే సెప్పినాను, సెప్తే ఇదా" అని అతను గుమ్మం దాకా గొణుగుతూనే ఉన్నాడు. అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు.

కోర్టుకి కేంద్రం పక్క వీధే. ఉత్తర్వు నకలు అక్కడ ఇస్తామంటే మధ్యాహ్నానికి వెళ్ళాం. అప్పటికే నోటీసు బోర్డుకి కొత్త సర్క్యులర్ అంటించి ఉంది. 'ఇటీవల సాధించిన విశేష విజయం దృష్ట్యా, ఇకపై అన్ని కేసులలోనూ వాస్తవాలు ముందుగా రెండవ వ్యక్తి నుండి మాత్రమే సేకరించవలెను. బాధితురాలి ఉనికి అవసరమైనచో తెలియజేయబడును.' వరండాలో బెంచీ మీద ఇద్దరు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. ఒకావిడ పెదవి చిట్లింది. లోపల ఎత్తు కుర్చీలో ఎవరో మగమనిషి టీ తాగుతున్నాడు. "అలాంటిదేమీ జరగలేదండి" అంటున్నాడు. "మేం మిమ్మల్ని నమ్ముతున్నాం" అంటోంది మాధురీలత గొంతు, మెత్తగా.

మాధురీలత కాసేపటికి బయటికి వచ్చింది. బెంచీ మీద పెదవి చిట్లిన ఆవిణ్ణి చూసింది. వెనక కుళాయి వైపు చూసింది. ఫైలు బెంచీ మీద పెట్టేసి, "రండమ్మా, మొహం కడుక్కుందురు గాని" అని ఆవిణ్ణి వెంటబెట్టుకుని వెనక్కి నడిచింది. కలం జేబులో ఉంది.

వెనక వరండాలో అసిరమ్మ అప్పటికే చాప పరిచింది. పారమ్మ కట్టిన క్యారేజీ మా దగ్గర ఉంది, అన్నం, వంకాయ నెత్తళ్ళ ఇగురు. అసిరమ్మ గిన్నెలో ఉలవచారు. మేం కూర్చున్నాం. పాప కూర్చోలేదు. మెట్టు దగ్గరికి వెళ్ళి, తల్లి చెప్పులు ఎడమది కుడివైపు, కుడిది ఎడమవైపు ఉంటే తీసి సరిగ్గా పక్కపక్కన పెట్టి వచ్చింది. అప్పుడు కూర్చుంది.

పట్నాయక్ గారు ఒక ఫారం పట్టుకుని వచ్చారు. అయిదు మొహాల బొమ్మలున్నాయి, ఏడుపు మొహం నుంచి నవ్వు మొహం దాకా. "మా సేవల పట్ల మీ అనుభవం..." అని మొదలుపెట్టారు.

అసిరమ్మ ఆయన ముందు ఒక విస్తరాకు పరిచింది. "కూకోండి బావు. తిన్నాక అడుగుదురు."

ఆయన విస్తరాకు వైపు చూశారు, పుస్తకం కోసం చంక తడుముకున్నారు. లోపల మర్చిపోయినట్టున్నారు. కాసేపు నిలబడి, చెప్పులు విడిచి, నేల మీద కూర్చున్నారు. ఫారం తొడ కింద పెట్టుకున్నారు.

కుళాయి దగ్గర మాధురీలత ఏదో అడుగుతోంది. పెదవి చిట్లిన ఆవిడ చెబుతోంది. అక్కణ్ణించి మాటలు వినపడవు.

హైమ అందరికీ ఎదురుగా కూర్చుంది. కుడిచేత్తో కలిపి పాపకి ఒక ముద్ద పెట్టింది, తను ఒక ముద్ద తింది. ఇంకొంచెం అన్నం కావాలని విస్తరాకు నా వైపు జరిపింది. నేను వడ్డించాను.